డాక్‌కి చల్లగాలి

ఛార్జింగ్ గది తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది. ఆ సందులోంచి వచ్చే చల్లగాలికి పాదాలు ఆనించి నలుగురు నేలమీద కూర్చున్నారు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నారు. ఒకామె మేజోళ్ళు కూడా తీసేసి, వీపు గోడకి చేరవేసి, కళ్ళు మూసుకుని ఉంది. నెరిసిన జడ టోపీలోంచి జారి భుజం మీద పడింది. చొక్కా వీపంతా తడిసి ఆరి, ఉప్పు చారలు కట్టింది.

ఇర్మా కెసాడా లేజరు పరికరాన్ని ఎదురు స్తంభానికి గురిపెట్టి, మీట నొక్కకుండా అలాగే నిలబడిపోయింది.

కాలిఫోర్నియాలో పెరిస్ ఊరి బయట, ఎండిన గుట్టల కింద ఉంది ఆ గోదాము. ఆగస్టు నెల. కారు దిగేటప్పుడు నూట ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్. రేకు కప్పు కింద, ట్రెయిలర్లు వెనక్కి వచ్చి ఆనుకునే డాక్ వైపు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. రోజంతా ఎండలో నిలబడ్డ ట్రెయిలర్ తలుపు తీసినప్పుడల్లా లోపలి సెగ మనుషుల ముఖాలకి కొడుతోంది. పైన పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అవి ఆ సెగనే ఇటునుంచి అటు తోస్తున్నాయి.

ఇర్మా రివర్‌సైడ్‌లో గోదాములకి ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. ఇళ్ళ సామాన్లు అమ్మే సాల్ట్‌బుష్ కంపెనీ ఈ గోదాములో వెనక సగం రోబోలకి అప్పగించబోతోంది. పరీక్షకని కొన్ని ఇప్పటికే వచ్చాయి. మోకాలెత్తు ఉంటాయి. అలమర కిందికి దూరి, దాన్ని నెత్తిన ఎత్తుకుని, పిలిచిన చోటికి తెచ్చి పెడతాయి. వాటి బ్యాటరీలకి వేడి పడదు. అందుకని వెనక మూల ఈ గది కట్టి ఏసీ పెట్టారు.

"కొలుస్తున్నావా, అమ్మాయ్?" జడామె కళ్ళు తెరవకుండానే అడిగింది.

"అవునండీ."

"అయితే ఇక్కడ వేడెంతుందో అది కూడా కొలిచి రాసుకో."

"దీనికి దూరాలే తెలుసు."

"దూరమే కొలువు అయితే. మాకు కట్టిన చల్లటి గది అదుగో, ఆ చివర. వెళ్ళి కూర్చుందామనుకునేలోపు బ్రేకు అయిపోతుంది. అందుకే ఈ దొరల గుమ్మంలో కూర్చున్నాం." ఆమె కాలి బొటనవేలితో తలుపు మీద తట్టింది. "లోపల హాయిగా నిద్రపోతున్నారు. లేపకు."

మిగతావాళ్ళు నవ్వారు. ఇర్మా కూడా నవ్వి, మీట నొక్కింది. జడామె మెడలో కార్డు మీద డెల్ఫీనా ఒరోస్కో అని ఉంది.

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. వెనక డ్రిల్లు, నల్లటి రబ్బరు పట్టీ పట్టుకుని ఒక మెకానిక్కు.

"లేవండి, లేవండి. గదిలో వేడెక్కుతోందని అలారం కొడుతోంది. చలవంతా కిందినుంచి పోతోందట."

నలుగురూ బూట్లు తొడుక్కున్నారు. డెల్ఫీనా మేజోళ్ళు ఒక్కొక్కటే దులిపి, మడత సరిచేసి, తీరిగ్గా ఎక్కించుకుంది. ఆమె లేచేదాకా మెకానిక్కు డ్రిల్లు చేత్తో పట్టుకుని పక్కకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీని తలుపు అడుగున ఆనించి, ఒక్కో స్క్రూ బిగించాడు. తలుపు రెండుసార్లు తెరిచి మూశాడు. రబ్బరు నేలని ఒరుసుకుంటూ జారింది. డెల్ఫీనా వంగి, అరచెయ్యి ఆ అంచున పెట్టి చూసింది.

"బాగా బిగించావు, నాయనా."

"నన్ను చెయ్యమన్నారు, దోన్యా డెల్ఫీనా," అన్నాడతను తలెత్తకుండా, పెద్దవాళ్ళని పిలిచే స్పానిష్ మర్యాదతో, అమ్మమ్మకి సంజాయిషీ చెబుతున్నట్టు.

సాల్ట్‌బుష్ తరఫున ఈ మార్పులన్నీ చూసే కిర్‌స్టెన్ ఆల్డ్రిడ్జ్ అటే వచ్చింది. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ తలుపు చూపించింది. "చూశావుగా, ఇర్మా. కొత్త ప్లాన్‌లో ఈ గదికి రెండు తలుపులు పెట్టు. ఒకటి మూస్తేగానీ రెండోది తెరుచుకోకూడదు."

"డాక్‌కి కూడా ఏసీ మాటేమైనా..."

"డాక్‌కా? ఎప్పుడూ తలుపులు తెరిచి ఉండే చోటు. ఎడారికి ఏసీ పెట్టినట్టుంటుంది." కిర్‌స్టెన్ నవ్వింది. అందులో కల్మషమేం లేదు. డాక్ మనుషులకి పుల్ల ఐసులు తన డబ్బులతో తెప్పిస్తుందని అందరూ చెప్పుకుంటారు.

ఇర్మా రెండు తలుపుల మాట రాసుకుంది.

మర్నాడు ఆఫీసులో హాలిస్ బ్రాంట్ బల్ల దగ్గరికి వెళ్ళి అదే అడిగింది. హాలిస్ ఆ ఆఫీసు యజమాని. మధ్యాహ్నం దాకా కాఫీ తప్ప ఏదీ ముట్టడు.

"డాక్ ఏసీయా? మొదటి అంచనాలోనే పెట్టాను. మొదటి రోజే కొట్టేశారు," అన్నాడు. "చల్లటి గదుంది. ఫ్యాన్లున్నాయి. చట్టం అడిగింది అంతే. అంతకుమించి మనం అడిగితే, ఈ బిల్డింగు ఎవరిదని వాళ్ళు మనల్ని అడుగుతారు."

ఇర్మా తన కుర్చీకి తిరిగొచ్చి ప్లాన్ తెరిచింది. గోదాము నిలువునా పరుచుకుంది. ముందు వైపు డాక్ తలుపుల వరస. సరుకు దిగేవి ఎడమ చివర, ఎక్కేవి కుడి చివర. దిగిన పెట్టెల్ని మనుషులు ట్రాలీల మీద పేర్చి, గోదాము మధ్యదాకా లాక్కెళ్ళి వదులుతారు. అక్కణ్ణుంచి రోబోల రాజ్యం. రోబోలు నడిచే దారులన్నీ నీలం గీతలు. అన్నీ వెనక మూల ఛార్జింగ్ గది దగ్గర పుట్టి, మళ్ళీ అక్కడికే చేరుతున్నాయి.

ఆమె ఆ గదికి రెండో తలుపు గీసింది. రెండు తలుపుల మధ్య కొలత వేసింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత రెండో తలుపు చెరిపేసింది. మొదటి తలుపు కూడా చెరిపేసింది. గోడలు చెరిపేసింది.

అక్కడ ఖాళీ మిగిలింది.

ఆ గదిలో ఉండాల్సిన ఛార్జింగ్ పెట్టెల్ని ఒక్కొక్కటే తెచ్చి డాక్ గోడ వారన, స్తంభానికీ స్తంభానికీ మధ్య సర్దడం మొదలుపెట్టింది. కుడి చివర ట్రక్కుల్లోకి ఎక్కే సరుకు రోబోలే తెస్తాయి; ట్రక్కు కోసం అక్కడ ఊరికే నిలబడతాయి. ఆ నిలబడ్డ కాసేపూ ఛార్జింగ్ ఎక్కితే ఖాళీగా వెనక మూలదాకా పోయి రానక్కర్లేదు. రోబోలు తక్కువ సరిపోతాయి. బ్యాటరీలు డాక్‌లో ఉన్నప్పుడు, బ్యాటరీలకి పనికొచ్చే చలవ డాక్‌లో ఉండి తీరాలి. రోబోలు చేసిన కంపెనీ ఆ మాట నల్లక్షరాల్లో అచ్చువేసింది. దాన్ని సాల్ట్‌బుష్ కాదనలేదు.

ఆ రోజూ మర్నాడూ ఆమె మరో పని చూడలేదు. ఏసీ యంత్రాల బరువు కప్పు మోయగలదో లేదో లెక్క చూసి, వాటిని స్తంభాల నెత్తిమీదికి జరిపింది. ట్రెయిలర్ ఆనుకున్నప్పుడు చుట్టూ సందు లేకుండా ప్రతి తలుపు చుట్టూ మెత్తటి దిండ్లు గీసింది. చుట్టుకునే తలుపుల బదులు రెప్పపాటులో దిగే తలుపులు వేసింది. ఛార్జింగ్ పెట్టెల్ని కుడి చివరతో ఆపితే ఏసీ కూడా అక్కడికే ఆగిపోతుంది. అందుకని వరసని ఎడమ చివరదాకా, డాక్ పొడవునా సాగదీసింది. కింద గమనికలో, రోబోల బ్యాటరీల కోసం డాక్ అంతటా చలవ ఉండాలని రాసింది. మనుషుల ఊసు ఎక్కడా రాయలేదు.

హాలిస్ ప్లాన్ మీదికి వంగి చాలాసేపు చూశాడు. కళ్ళజోడు నెత్తిమీదికి తోశాడు.

"ఇదంతా రోబోల కోసమేనా?"

"ప్లాన్‌లో అలాగే ఉంది."

"అలాగే ఉండనీ," అన్నాడు. "మీటింగులో నోరు జారి డాక్ మనుషుల మాట ఎత్తావంటే, ఇదీ కొట్టేస్తారు."

గురువారం శాన్ బెర్నార్డినోలో సాల్ట్‌బుష్ ఆఫీసులో మీటింగు. ఇటు ఇర్మా, హాలిస్. అటు కిర్‌స్టెన్, ఆమెతోపాటు లెక్కలు చూసే ఇద్దరు. ఇర్మా తెర మీద పాత ప్లాన్ చూపించి, తర్వాత కొత్తది పెట్టింది. నీలం గీతలు సగానికి సగం కురచైపోయాయి. లెక్కలవాళ్ళలో ఒకతను వెంటనే క్యాలిక్యులేటర్ తీశాడు. ఇంకొకతను, "ఏసీ ఖర్చు?" అన్నాడు. ఇర్మా జవాబు సిద్ధంగా ఉంచుకుంది. రోబోలు తగ్గి మిగిలే డబ్బులో అది సర్దుకుపోతుంది. అతను తల ఊపాడు.

కిర్‌స్టెన్ లేచి తెర దగ్గరికి వెళ్ళింది. ఎడమ చివర, సరుకు దిగే తలుపుల మీద వేలు పెట్టింది.

"ఇక్కడ కూడా ఛార్జింగ్ ఉంటుందా?"

"ఉంటుంది. పొడవునా."

"అయితే రోబో సరాసరి ట్రెయిలర్ ముందుకే వస్తుంది కదా." కిర్‌స్టెన్ వెనక్కి తిరిగింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఛార్జింగ్ దూరమని కదా ఇన్నాళ్ళూ దిగుమతి వైపు లాగుడు పనంతా ట్రాలీలకి వదిలేశాం? మనకి ఇది తట్టనే లేదు!"

ఇర్మా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. తనకి తెలియని సంగతేం కాదు. డాక్‌లో మనుషులు మిగిలింది ఛార్జింగ్ గది వెనక మూల ఉండటం వల్లేనని, ఆ ప్లాన్ మొదటిసారి గీసినప్పుడే తెలుసు. ఆ గది చెరిపేటప్పుడు మాత్రం ఆమెకి గాలి తప్ప ఇంకేదీ గుర్తులేదు.

"సరుకు దిగే వైపు నేల పాతది," అంది. "ఎగుడుదిగుడుగా ఉంది. రోబోలు అక్కడ నడవలేవు."

"గీకి సమం చేయొచ్చా?"

"చేయొచ్చు," అన్నాడు హాలిస్. అడిగినదానికి జవాబు చెప్పడం అతని అలవాటు. చెప్పాక ఇర్మా వైపు చూశాడు.

"ఇక ట్రెయిలర్ లోపల దించేవాళ్ళుంటే చాలు," అంది కిర్‌స్టెన్.

"ట్రాలీలు లాగేవాళ్ళు?" ఇర్మా అడిగింది.

"కంపెనీకి వేరే గోదాములున్నాయి. హెచ్ఆర్ వాళ్ళు ఏదో ఒకటి చూస్తారు. కానీ క్రిస్మస్ పండగ రద్దీ దాటేదాకా ఈ మాట గది దాటకూడదు, దయచేసి. రద్దీ మధ్యలో వాళ్ళు మానేసి పోతే మనం మునుగుతాం." కిర్‌స్టెన్ వచ్చి ఇర్మా రెండు చేతులూ పట్టుకుంది. "ఇన్ని ఆఫీసులతో పనిచేశాను. అడక్కుండా ఇలాంటిది తెచ్చిచ్చినవాళ్ళు లేరు."

తిరుగు దారిలో హాలిస్ కారు నడుపుతున్నాడు. ట్రక్కుల మధ్య ఇరుక్కుని నెమ్మదిగా పోతున్నారు.

"పాత ప్లానే ఇద్దాం, హాలిస్."

"ఏమని ఇస్తాం? మాది మంచి ఆలోచన కాదనా? వాళ్ళు చూసేశారు, ఇర్మా."

"నేను చల్లగాలి కోసం గీశాను."

"తెలుసు. చల్లగాలి వస్తుంది కూడా." బ్రేకు వదిలి కారుని కాస్త ముందుకి జరిపాడు. "వాళ్ళకి ఈ ఆలోచన ఏదో ఒకరోజు వచ్చేదే. నువ్వు కాకపోతే ఇంకొకరు."

ఇర్మా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పక్క వరసలో ట్రెయిలర్ ఒకటి వాళ్ళతోపాటే కదులుతూ, ఆగుతూ ఉంది.

నేల కొలతలు వెంటనే కావాలని కిర్‌స్టెన్ ఆ సాయంత్రమే కబురు పంపింది. శుక్రవారం ఉదయం ఇర్మా మళ్ళీ పెరిస్ వెళ్ళింది. సరుకు దిగే వైపు పొడుగాటి అల్యూమినియం బద్దని నేలమీద పరిచి, కింద ఎక్కడెక్కడ వెలుతురు కనిపిస్తోందో అక్కడ సుద్దతో గుర్తు పెడుతోంది. ట్రాలీలు ఆమెని తప్పించుకుంటూ పోతున్నాయి. డెల్ఫీనా నిండు ట్రాలీ లాక్కుంటూ వచ్చింది. మలుపులో చేతులతో కాకుండా నడుముతో దాన్ని ఆపి, ఒరగనివ్వకుండా తిప్పి, ఇర్మా పక్కన నిలబెట్టింది.

"మళ్ళీ వచ్చావా? ఈసారి ఏంటి?"

"నేల."

"నేలకేమొచ్చింది? మేం నడుస్తూనే ఉన్నాంగా."

ఇర్మా లేచి నిలబడింది. మోకాళ్ళకి దుమ్ము అంటింది. "దోన్యా డెల్ఫీనా, డాక్‌కి ఏసీ వస్తోంది." ఆ మాటతో మొదలుపెడితే మిగతాది తేలిగ్గా వస్తుందనుకుంది. రాలేదు.

డెల్ఫీనా ఆమె ముఖంలోకి చూసింది. నేలమీది సుద్ద గుర్తుల్ని చూసింది.

"ఎవరికోసం?"

ఇర్మా చెప్పింది. ఛార్జింగ్ పెట్టెలు ఈ గోడకి వస్తాయని, రోబోలు ట్రెయిలర్ ముందుకే వస్తాయని, ట్రాలీలు ఉండవని, పండగలయ్యాక అని. డెల్ఫీనా ట్రాలీ పిడి మీద రెండు చేతులూ ఆనించి వింది.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మీటింగులో ఉన్నవాళ్ళకి. ఇప్పుడు మీకు. బయట చెప్పకూడదన్నారు."

"మరి నాకెందుకు చెప్పావు?"

ఇర్మా మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది.

"నేను చెప్తా విను. నాకు చెప్పేసి నువ్వు ఇంటికెళ్ళి నిద్రపోతావు. ఇక నాకు పట్టదు నిద్ర." డెల్ఫీనా గొంతు పెంచలేదు. "ఈ మాట నా నోటితో చెబితే వీళ్ళు పుకారంటారు. ముసలిదానికి ఎండదెబ్బ తగిలిందంటారు. ఇంకాసేపట్లో బ్రేకు. నువ్వే చెప్పు."

"నా ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు," అంది డెల్ఫీనా. ఎత్తిపొడుపు లేదు, ఓదార్పూ లేదు. "ఇక్కడ చాలామందివి పోతున్నాయన్నావుగా." ట్రాలీని నడుముతో నెట్టి కదిలించి, లాక్కుంటూ వెళ్ళిపోయింది.

ఇర్మా బద్ద చేతిలోకి తీసుకుంది. సుద్దముక్క జేబులో వేసుకుంది. పక్క తలుపు తెరిచే ఉంది, అవతల కారు కనిపిస్తోంది. కొలతలు సగమే అయ్యాయి, మిగతావి ఇంకోరోజు తీసుకోవచ్చు. తలుపుదాకా నడిచింది. బ్రేకు హారను మోగింది. వెనక ట్రాలీలు ఒక్కొక్కటే ఆగిన చప్పుడు వినిపించింది. ఆమె గడపమీద కాసేపు నిలబడి, వెనక్కి తిరిగింది.

డాక్ వాళ్ళు ఫ్యాను కింద పెట్టెల మీద కూర్చుని తిండి మూటలు విప్పుకుంటున్నారు. డెల్ఫీనా ఆమె వైపు చూడలేదు. ఎవరో రొట్టెలో చుట్టిన బీన్సు తింటున్నారు. ఇర్మా అక్కడ చాలామంది మాట్లాడే స్పానిష్‌లో మొదలుపెట్టింది. ఆమెకి వచ్చిన స్పానిష్ ఇంట్లో వంట దగ్గర నేర్చుకున్నది. ఛార్జింగ్ పెట్టెలకి, దారులకి అందులో మాటలు దొరకలేదు. ఖాళీ అట్టపెట్టె ఒకటి చింపి నేలమీద పరిచి, మార్కరుతో డాక్ గీసింది. తలుపులు గీసింది. రోబోలు వచ్చే గీతలు గీసింది. మూటలు మడిచి పక్కన పెట్టి ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు.

"ట్రెయిలర్ లోపల దించేవాళ్ళు ఉంటారా?"

"ఉంటారు."

"ఎంతమంది?"

"నాకు తెలియదు."

"ఈ మరబొమ్మలు మొరాయిస్తే ఎవరు చూస్తారు?"

"మనుషులు కావాలి. ఆ పని ఎవరికిస్తారో ఇంకా అనుకోలేదు. మీకే నేర్పమని అడగండి." ఇర్మా మార్కరు మూత పెట్టింది, మళ్ళీ తీసింది. "కానీ ఇప్పుడే అడగండి. పండగ రద్దీకి ముందే. అప్పుడు మీరు లేకపోతే వాళ్ళకి గడవదు. ఆ తర్వాత అడిగితే వినరు."

కుర్రతనం పోని గడ్డంవాడు ఒకడు అట్ట మీద గోడ వారన ఉన్న చిన్న చతురస్రాల్ని చూపించాడు. "ఇవి ఇక్కడ పెట్టాలని ఎవరికి తట్టింది?"

"నాకు."

ఫ్యాను తిరుగుతోంది. అతను తింటున్నది కాగితంలో చుట్టి, లేచి ట్రెయిలర్ వైపు వెళ్ళిపోయాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. ఒకామె అట్టని తన వైపు తిప్పుకుని, తను రోజూ నిలబడే తలుపు ఏదో వెతుక్కుంది.

"ఎందుకు గీశావు?" అని ఎవరైనా అడుగుతారని ఇర్మా ఎదురుచూసింది. చల్లగాలి సంగతి అప్పుడు చెప్పాలనుకుంది. ఎవరూ అడగలేదు. వాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కిర్‌స్టెన్‌ని ఎవరు కలవాలి, ఒక్కరే వెళ్తే ఏమవుతుంది, అందరూ కలిసి వెళ్తే ఏమవుతుంది. ఆ మాటల వేగం ఇర్మాకి అందలేదు.

హారను మళ్ళీ మోగింది. తలుపు పక్క దీపం పచ్చగా వెలిగింది. లేచి చేతి తొడుగులు వేసుకున్నారు. డెల్ఫీనా అట్టని సగానికి మడిచి చంకలో పెట్టుకుంది.

"మధ్యాహ్నం రెండో షిఫ్టు వస్తుంది. వాళ్ళకీ చెప్పాలి. ఉంటావా?"

"ఉంటాను."

"అయితే ఫ్యాను కిందే కూర్చో. నీకు అలవాటు లేదు, పడిపోతావు."

ఇర్మా ఒక పెట్టె లాక్కుని కూర్చుంది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ట్రాలీలు కదిలాయి. ఆమె జేబులో ఫోను మోగి ఆగి, మళ్ళీ మోగింది. హాలిస్.

"ఎక్కడున్నావు?"

"డాక్ దగ్గరే."

"ఇంకానా? నేల కొలవడం అవలేదా?"

"లేదు."

"మరేం చేస్తున్నావక్కడ?"

"రెండో షిఫ్టు కోసం చూస్తున్నాను," అంది ఇర్మా.